విజన్ గోడ మీద, సీట్లు ర్యాంకు మీద... న్యాక్ రిపోర్టులో ఏం రాయమంటారు?

పెన్నాగట్టు #1
ఒక యూనివర్సిటీలో కాంట్రాక్టు మీద పనిచేస్తా ఉండా. ఏ యూనివర్సిటీ అని అడగొద్దు, జిల్లా కూడా చెప్పను, పొద్దున్నే రైలెక్కితే చీకటి పడ్డాక మళ్ళీ నెల్లూర్లో దిగుతా, అంతే. మొన్న మా పెద్దసారు పిలిచి "న్యాక్ వాళ్ళకి పంపాల, మన విజన్, మిషన్‌కి తగ్గట్టు అడ్మిషన్లు ఎట్టా చేస్తన్నామో రెండు పేజీలు రాసుకుని రా" అన్నాడు. న్యాక్ అంటే కాలేజీలకి, యూనివర్సిటీలకి గ్రేడు ఇచ్చేవాళ్ళు. సరేనని కూర్చున్నా. మిషన్ ఏందయ్యా అంటే మెయిన్ బిల్డింగులోకి పోంగానే ఇత్తడి బోర్డు మీద ఉంటది, గ్రామీణ, తీరప్రాంత, మొదటి తరం విద్యార్థులకి ఉన్నత విద్య అందించడం అని. మరి సీట్లు ఎట్టా ఇస్తన్నాం? రాష్ట్రం పెట్టే పీజీ ఎంట్రన్స్, పీజీసెట్, రాస్తారు, వంద బిట్లు తొంభై నిమిషాలు, ర్యాంకు వస్తది, వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటారు, కంప్యూటర్ ఎవుర్ని పంపిస్తే వాళ్ళని చేర్చుకుంటాం. ఆ బోర్డుకీ ఈ ర్యాంకుకీ సంబంధం ఏందో నాకు రెండు లైన్లు కూడా రావట్లా, రెండు పేజీలు యాడ్నించి తెచ్చేది.

ఇంకో ముక్క. పోయినేడు మా ఊరికి దగ్గర్లో, బోగోలు మండలం సముద్రం ఒడ్డున ఒక పాలెం అమ్మాయి ఇదే సెట్ రాసింది. ర్యాంకు బానే వచ్చింది. అప్లికేషన్ నెట్ సెంటర్లో పెట్టించుకున్నారు, ఆ పిల్లోడు అందరి ఫారాల్లో ఏసినట్టే ఫోన్ నంబరు దగ్గర తన నంబరే ఏసుకున్నాడు. ఆప్షన్ల మెసేజి వచ్చిన రోజు అతను తిరపతిలో ఉండాడు. తెలిసేలోపల అంతా అయిపోయింది. తండ్రీ కూతుళ్ళు మా ఆఫీసుకొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. సర్టిఫికెట్లు జవుళిషాపు కవర్లో, అది తడవకుండా మళ్ళీ ఒక పాలితిన్ సంచిలో. స్పాట్ అడ్మిషన్‌లో కౌన్సెలింగ్ అయినాక మిగిలిపోయిన సీటు ఉండాది గానీ స్పాట్‌లో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదమ్మా అని నేనే చెప్పా. ఆయన కాసేపు ఏం మాట్లాడలా. పోతా పోతా ఆ ఇత్తడి బోర్డు ముందర నిలబడి కూడబలుక్కుంటా చదివి "తీరప్రాంతం అంటే మేమే గదా సార్" అన్నాడు. ఎగతాళి కూడా కాదు, నిజంగానే అడిగాడు.

ఇప్పుడు చెప్పండి, ఆ రెండు పేజీల్లో ఏం రాసేది?

చేపలపులుసు_72 #2
పోయినసారి రిపోర్టు తీసి తారీఖు మార్చు. దీనికింత బాధా

ఐక్యూఏసీ_బాధితుడు #3
#2 నవ్వకండి, మా కాలేజీలో నిజంగా అదే చేశాం, తారీఖు మార్చడం కూడా మర్చిపోయాం.

పెన్నాగట్టు అన్నా, ఒక సంగతి గమనించారా. న్యాక్ ఏడు క్రైటీరియన్ల (భాగాల) మాన్యువల్లో విద్యార్థుల చేరిక 2.1లో వస్తది. విజన్, లీడర్‌షిప్ 6.1లో. మధ్యలో రీసెర్చి, బిల్డింగులు, స్టూడెంట్ సపోర్టు అన్నీ అడ్డం. రెండో క్రైటీరియన్ రాసేవాడు ఒకడు, ఆరోది రాసేవాడు ఇంకొకడు, వాళ్ళిద్దరూ టీ తాగేటప్పుడు తప్ప కలవరు. మీ సారు రెండిటినీ కలిపి అడిగాడంటే ఆయన మంచోడే అయ్యుండాలి.

నాగులుప్పలపాడోడు #4
కలిపి ఆలోచించిన చోటు మన రాష్ట్రంలో ఒకటి ఉంది, నేను అక్కడే చదివా. ట్రిపుల్ ఐటీ, అదే ఆర్జీయూకేటీ. 2008లో పెట్టినప్పుడే పల్లెటూళ్ళ పిల్లలకోసం అనుకున్నారు, దానికి తగ్గట్టే అడ్మిషన్ కూడా పెట్టారు. ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కులే. గవర్నమెంటు నాన్ రెసిడెన్షియల్ స్కూల్లో చదివినోళ్ళకి డిప్రివేషన్ స్కోర్ అని 4 శాతం కలుపుతారు. అంటే కోచింగ్ కి డబ్బు లేనోడు ఆ లోటుతో వెనకబడకూడదు అని లెక్క. ఇంటర్ కూడా వాళ్ళే చెప్తారు, రెండేళ్ళు పీయూసీ నాలుగేళ్ళు బీటెక్, అదంతా క్యాంపస్‌లోనే. నేను జెడ్పీ హైస్కూల్ తెలుగు మీడియం. క్యాంపస్‌కి పోయిన మొదటివారం లాప్‌టాప్ ఇచ్చారు, మూత ఎటు తియ్యాలో తెలియక పక్కోడు తీసేదాకా చూస్తా కూర్చున్నా. పక్కోడికీ తెలియదు, వాడు నన్ను చూస్తా ఉన్నాడు.

బోర్డు మీద రాసింది చేయాలంటే ఎవరిని లోపలికి రానిస్తన్నాం అన్న దగ్గరే మొదలవ్వాలి అని నేనంటా.

మొలగొలుకులు #5
లాప్‌టాప్ మూత 😂😂

వేదాయపాలెం_అమ్మ #6
#4 బాబూ నీ కథ బావుంది, మా కథ కూడా విను. మా ఆయన ఆటో. పాపని చిన్న ప్రైవేటు స్కూల్లో వేశాం, కార్పొరేట్ కాదు, రేకుల షెడ్డు స్కూలు, గవర్నమెంటు బడి దూరం, ఆడపిల్ల, అందుకని. ఫీజు కట్టేదానికి నేను రెండిళ్ళల్లో వంట చేశా. పదిలో మంచి మార్కులు వచ్చినాయి, ట్రిపుల్ ఐటీ రాలా, కొద్దిలో పోయింది. ఆ 4 శాతం మా పాపకి లేదు. మా వీధిలోనే ఒక గవర్నమెంటు ఉద్యోగం చేసే ఆయన కొడుకు జెడ్పీ స్కూలు, కారులో దిగబెట్టేవాడు, వాడికి కలిసింది. ఇప్పుడు ఎవరు డిప్రైవ్డు చెప్పండి.

పొదిలి_టీచరమ్మ #7
#6 మేడం బాధ నిజమే, నేను పాతికేళ్ళు గవర్నమెంటు స్కూళ్ళల్లో చెప్పినదాన్నే, అయినా పక్షపాతం లేకుండా చెప్తా. ఆ స్కోర్ కొలిచేది స్కూలు రకాన్ని, పేదరికాన్ని కాదు. ఇంకోటి కూడా ఉంది, గురుకులాల్లో చదివిన పిల్లలకి అది రాదు, అవి రెసిడెన్షియల్ కాబట్టి. గురుకులంలో చదివేది ఎవరు? మా కొనకనమిట్ల వైపు నుంచి పనులకి వలస పోయేవాళ్ళ పిల్లలు. అమ్మానాన్న బెంగుళూర్లోనో హైదరాబాదులోనో తాపీపని, పిల్లోడు హాస్టల్లో. వాడికి స్కోర్ లేదు. అక్కడ తిండీ స్టడీ అవర్లూ ఉంటాయి కదా అనేది ట్రిపుల్ ఐటీ వాళ్ళ వాదన, అది కూడా అబద్ధం కాదు.

కానీ ఒకటి అడుగుతా, ఏ కొలత పెట్టినా అంచు మీద ఎవరో ఒకరు నిలబడతారు. అంచు మీద నిలబడినవాళ్ళ కోసం కొలతే తీసేస్తే మా పిల్లలు ఒక్కరన్నా పోతారా? నా చేతి మీదుగా తొమ్మిది మంది ట్రిపుల్ ఐటీకి పోయారు. అందులో ఒకమ్మాయి వాళ్ళ ఇంట్లో ఇప్పటికీ నీళ్ళు ట్యాంకరువే, ఫ్లోరైడు ఊరు.

చీమకుర్తి_రాయి #8
తొమ్మిది మంది 🙏 టీచరమ్మా మీరు ఏ సబ్జెక్టు

పొదిలి_టీచరమ్మ #9
లెక్కలు. అందుకే ఆ 4 శాతం మీద ఇంత మాట్లాడా.

రొయ్యలగుంట #10
మా ఏరియాలో సంగతి ఇంకోరకం. నాకు విడవలూరు వైపు మూడు చెరువులు ఉండాయి, వనామీ రొయ్య. పోయినేడు ఫిషరీస్ చదివిన పిల్లోడ్ని జీతానికి పెట్టుకున్నా. యాడ చదివాడో చెప్పను, పిల్లోడు మంచోడే. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి తీసి చూడమంటే గట్టు మీదనే నిలబడి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు, చెరువులో కాలు పెట్టాలంటే భయం. అడిగితే చెప్పాడు, సార్ నేను నీట్ రెండుసార్లు రాసినా, ఎంబీబీఎస్ రాలా, వెటర్నరీ రాలా, అగ్రికల్చర్ రాలా, మిగిలింది ఇది అని. రాత్రి రెండింటికి కరెంటు పోతే నీళ్ళకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగిపోతాయి, అప్పుడు జనరేటర్ కాడికి పరిగెత్తేది మా పనోడు, పదో తరగతి ఫెయిలు, వాడికి నీళ్ళ రంగు చూస్తే చాలు లోపల ఏం జరగతా ఉందో తెలిసిపోద్ది. వాడు ఆ కోర్సుకి అప్లికేషన్ కూడా పెట్టలేడు, ఇంటర్ బైపీసీ కావాల, ఆపైన సెట్ ర్యాంకు కావాల.

మన జిల్లాలో ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ 1991 నుంచీ ఉండాది, రొయ్య అంటేనే దేశానికి నెల్లూరు గుర్తొస్తది, సీడు, మేత, నీటి పరీక్ష అన్నిటికీ మనకి చదువుకున్నోళ్ళు కావాల. కానీ చెరువు గట్టున పుట్టినోడికి ఒక్క మార్కు ఎక్కువ వచ్చినట్టు నేనైతే చూళ్ళా.

చేపలపులుసు_72 #11
ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడంట. రొయ్యకి డీపీ బాగొచ్చిందా అన్నా

రొయ్యలగుంట #12
కిలోకి ఎన్ని రొయ్యలో ఆ కౌంటు 40కి దిగనే లేదు అబ్బయ్యా, నువ్వు డీపీ అంటన్నావు, నాకు కడుపు మండతా ఉండాది

ఉదయగిరి_కొండ #13
#10 అన్నా, చెరువు గట్టున పుట్టినోడికి మార్కులు ఇస్తే ఏమవుద్దో అగ్రికల్చర్‌లో చూశాం గదా. ఎన్జీ రంగా యూనివర్సిటీలో బీఎస్సీ అగ్రికల్చర్‌కి 40 శాతం రైతు కోటా. నాలుగేళ్ళు మున్సిపాలిటీ కానిచోట చదివుండాల, పొలం కాయితాలు ఉండాల. ఆలోచన బంగారం లాంటిది, రైతు బిడ్డకి పొలం చదువు. కానీ మా బంధువుల్లో ఒకాయన ఉండాడు, టౌన్లో మెడికల్ షాపు, పొలం ఎటుంటదో కూతురికి తెలీదు. పాప ఇంటర్లో ఉండంగా ఉన్నట్టుండి మెట్ట మీద ఎకరంన్నర కొన్నాడు. అప్పుడు మాకు అర్థం కాలా ఈ రాళ్ళ నేల ఎందుకబ్బా అని. పాస్‌బుక్ కోసం! మేం దాన్ని సీటు పొలం అంటాం ఇప్పుడు. దాంట్లో ఈ రోజుదాకా ఒక్క పంట లేదు, కంపచెట్లు.

మొలగొలుకులు #14
సీటు పొలం 👌👌 ఈ మాట నేను వాడుకుంటా

డల్లాస్_నెల్లూరోడు #15
ఈ సీటు పొలం కథ టెక్సాస్‌లో కూడా ఉంది. 1996లో ఇక్కడ కోర్టు జాతి చూసి సీట్లు ఇవ్వకూడదు అన్నది, వెంటనే 1997లో వీళ్ళు ఒక చట్టం చేశారు, ఏ హైస్కూలైనా సరే ఆ స్కూల్లో టాప్ 10 శాతంలో ఉంటే స్టేట్ యూనివర్సిటీలో సీటు గ్యారంటీ. ప్రజల డబ్బుతో నడిచేది కాబట్టి రాష్ట్రం మొత్తానికీ చదువు చెప్పాల అని. అంతకుముందు ఆస్టిన్‌కి ఎవర్నీ పంపని పల్లె స్కూళ్ళ నించి పిల్లలు రావడం మొదలైంది. జనం ఊరుకుంటారా, కొంతమంది కావాలని పోటీ తక్కువ ఉన్న స్కూళ్ళకి పిల్లల్ని మార్చారు. ఆస్టిన్‌లో సీట్లు సరిపోక 10 కాస్తా 6కి దిగింది. మా పక్కింటోళ్ళ పాప 7 దగ్గర ఆగిపోయింది, వాళ్ళింట్లో వారం రోజులు పొయ్యి వెలగలా, అచ్చం మన ఎంసెట్ రిజల్ట్ రోజు లాగే.

ఇంకోటి, 2023లో సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసు తీర్పు చదివా, అంటే పూర్తిగా కాదు. యూనివర్సిటీ వాళ్ళు మేం రేపటి నాయకుల్ని తయారు చేస్తన్నాం, అందుకే అడ్మిషన్ ఇట్టా చేస్తన్నాం అన్నారు. కోర్టు ఏమందంటే, వినడానికి బాగానే ఉంది గానీ నాయకులు తయారయ్యారో లేదో కొలిచేదెట్టా, ఎప్పటికి చాలు అనుకుంటారు అని. పెన్నాగట్టు అన్న బోర్డుకి కూడా అదే ప్రశ్న. తీరప్రాంతం అని రాసుకున్నారు సరే, ఎంతమంది వస్తే రాసింది నిజమైనట్టు?

నాగులుప్పలపాడోడు #16
#15 టాప్ 10 అంటే మా ట్రిపుల్ ఐటీ ఆలోచన కూడా దాదాపు అదే కదన్నా. ఏ స్కూలు పిల్లోడ్ని ఆ స్కూలు పరిస్థితిలో పెట్టి చూడటం

కలువాయి_మాస్టారు #17
నేను రిటైరైన లెక్చరర్‌ని, మీరందరూ ర్యాంకుని తిట్టేముందు ఒక పాత సంగతి వినండి. 1979లో నేను ఎమ్మెస్సీ సీటుకి ఇంటర్వ్యూకి పోయాను. ఏ యూనివర్సిటీ అన్నది అనవసరం. బయట వరండాలో పదిహేనుమందిమి కూర్చున్నాం, అందరి చొక్కా జేబుల్లో కవర్లు కనపడతా ఉన్నాయి, నా జేబులో రైలు టికెట్టు. లోపల నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే, మీ నాయన ఏం చేస్తాడు. చెప్పాను. సరే పొమ్మన్నారు. సబ్జెక్టులో ఒక్క ముక్క అడగలేదు. ఆ ఏడు రాలేదు, మరుసటేడు మార్కుల మీద వచ్చింది.

ఆ రోజుల్లో వృత్తి కాలేజీల్లో డొనేషన్లు ఎంత పోయినాయంటే 1983లో క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టమే తేవాల్సి వచ్చింది. 1986లో ఎంసెట్ పెట్టినప్పుడు మా ఊళ్ళో బీదోళ్ళు పండగ చేసుకోలేదు గానీ నేను మనసులో చేసుకున్నా. పరీక్ష గుడ్డిది, నిజమే. మీ నాయన ఎవరో దానికి కనపడదు, అదే దాని గొప్ప. మిషన్‌కి తగ్గట్టు ఎంపిక చేస్తాం అని ఒక గదిలో నలుగుర్ని కూర్చోబెడితే మిషన్ లోపలికి వస్తదో కవర్లు లోపలికి వస్తాయో నాకు తెలుసు.

పెన్నాగట్టు #18
మాస్టారూ ఇది చదివి కాసేపు ఆగిపోయా. మా నాయన కూడా ఇట్టాంటిదే ఒకటి చెప్పేవాడు. కానీ ఆ పిల్లకి ర్యాంకు వచ్చింది మాస్టారూ, గుడ్డి పరీక్ష ఆ పిల్లకి న్యాయమే చేసింది. పోగొట్టింది ఓటీపీ.

కలువాయి_మాస్టారు #19
అది ఒప్పుకుంటా.

వేదాయపాలెం_అమ్మ #20
మాస్టారు చెప్పింది నిజం గానీ ఇప్పుడు ఆ కవర్ల బదులు కోచింగ్ ఫీజులు వచ్చినాయి. కోచింగ్‌కి పుట్టిల్లే మన నెల్లూరు, మాకు చెప్పేదేముంది. ట్రిపుల్ ఐటీకి కూడా 2020, 21లో కరోనా వల్ల పది పరీక్షలు లేక సెట్ పెట్టినారు చూడండి, వెంటనే మా వీధి మలుపులో ట్రిపుల్ ఐటీ కోచింగ్ అని ఫ్లెక్సీ. 2022లో మళ్ళీ మార్కుల మీదకి మారినాక ఆ ఫ్లెక్సీ మా పక్కింటోళ్ళ వడియాలకి పనికొచ్చింది.

కందుకూరోడ్ని #21
మీ అందరికీ కనీసం మీరు ఏ ఏరియా లోకలో తెలుసు. అడ్మిషన్ల లెక్కలో పాత నెల్లూరు జిల్లా ఎస్వీ యూనివర్సిటీ ఏరియా, ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా. కావలి నించి గుడ్లూరు పోతే మధ్యలో ఏరియా మారిపోద్ది. 2022లో మమ్మల్ని తీసుకొచ్చి నెల్లూరు జిల్లాలో కలిపారు. మా తమ్ముడికి కౌన్సెలింగ్‌లో హెల్ప్ డెస్క్ ఆయన్ని అడిగితే ఆయన నన్నే అడిగాడు మీరు ఎవురు అని. 85 శాతం లోకల్ సీట్లు అంటే వెనకబడిన ప్రాంతానికి న్యాయం కోసం పెట్టింది, రాజ్యాంగంలో 371డి, మంచిదే. కానీ గీత 1974 నాటిది, జనాలు, జిల్లాలు, కాలేజీలు అన్నీ కదిలినాయి, గీత మాత్రం ఆడే ఉండాది.

చేపలపులుసు_72 #22
మీరు పెళ్ళి చేసుకునేటప్పుడు కూడా ఇదే ప్రాబ్లం అంట గదా, నెల్లూరు పులుసా ఒంగోలు పులుసా అని

కందుకూరోడ్ని #23
మా ఇంట్లో రెండూ వండుతారు, నీకేం బాధ

నర్సు_అక్క #24
మిషన్ అన్న మాట వింటే నాకు వెల్లూరు గుర్తొస్తది, మన జిల్లాలో సగం మంది జబ్బొస్తే ఎక్కే బస్సు అదే కాబట్టి. ఆడ సీఎంసీ మెడికల్ కాలేజీలో స్పాన్సర్‌షిప్ అని ఉంటది. మిషన్ ఆసుపత్రులు నడిపే చర్చి సంఘాలు పిల్లల్ని స్పాన్సర్ చేస్తాయి, చదువు అయినాక రెండేళ్ళు అవసరం ఉన్నచోట పనిచెయ్యాలి. అంటే సీటు ఇచ్చేటప్పుడే రేపు యాడ పనిచేస్తావు అని అడుగుతారు. నీట్ వచ్చినాక వాళ్ళు మా పద్ధతి మాకు కావాలని కోర్టుకి పోయారు, 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నీట్ అందరికీ ఒకటే అన్నది. ఇప్పుడు నీట్ రాయాల్సిందే, ఆ పైనే మిగతావి.

నేను పనిచేసిన చిన్న ఆసుపత్రికి ఇట్టా వచ్చిన డాక్టరమ్మ ఒకామె ఉండేది. రెండేళ్ళు అయిపోయినాయి, పోలేదు, ఏడేళ్ళు ఉండింది. ఎందుకు పోలేదమ్మా అంటే ఇక్కడ పేషెంట్లు నా పేరు తప్పుగా పిలుస్తారు, నాకు అలవాటయిపోయింది అనేది.

ఉదయగిరి_కొండ #25
#24 అక్కా బాండు రాయించుకున్నా డబ్బు కట్టి వెళ్ళిపోయేవాళ్ళు బోలెడు మంది కదా మన దగ్గర

నర్సు_అక్క #26
వెళ్తారు. ఉండేవాళ్ళు కూడా ఉంటారని చెప్తన్నా.

ఐక్యూఏసీ_బాధితుడు #27
అందరూ ఒక అసలు విషయం వదిలేశారు. పెన్నాగట్టు అన్న యూనివర్సిటీకి అడ్మిషన్ పద్ధతి మార్చే అధికారమే లేదు. పీజీ అడ్మిషన్లు 2021 నించి మొత్తం రాష్ట్రానికి ఒకటే సెట్. డిగ్రీ అయితే అంతకు ముందే, 2020 నించి ఆన్‌లైన్ మాడ్యూల్ ద్వారా. అంతకుముందు మా ప్రిన్సిపాల్ కనీసం ఎదురుగా కూర్చోబెట్టి ఈ గ్రూపు ఎందుకమ్మా అని అడిగేవాడు, ఇప్పుడు పిల్ల క్లాసుకొచ్చిన రోజే మేం మొహం చూసేది. దానివల్ల పైరవీలు తగ్గాయి, మాస్టారు చెప్పిందే. కానీ ఒక్కో సంస్థకి ఒక్కో మిషన్ రాసుకోమంటారు, తలుపు మాత్రం అందరికీ కలిపి ఒకటే. అప్పుడు మిషన్ ఇత్తడి బోర్డు మీద కాక ఇంకెక్కడ ఉంటుంది.

ఫీజు సంగతి కూడా. 2020 చివర్లో జీవో 77 ఇచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్ళకి రీయింబర్స్‌మెంట్ తీసేశారు. మా ఊరికి దగ్గర్లో ఉన్న పీజీ కాలేజీకి నడిచిపోయి చదువుకునే ఆడపిల్లలు ఎంతమంది ఆగిపోయారో నాకు పేర్లతో తెలుసు. అది అడ్మిషన్ పాలసీ కాదు, ఫీజు పాలసీ అంటారు. పిల్ల వైపు నించి చూస్తే రెండూ ఒకటే.

పొదిలి_టీచరమ్మ #28
#27 తలుపు ఒకటే అయినా తలుపుదాకా తీసుకొచ్చే పని యూనివర్సిటీ చెయ్యొచ్చుగా. సెట్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు మీ బస్సు ఒకటి పాలేల్లోకి, మా మెట్ట ఊళ్ళకీ పంపండి, ఫారాలు మీరే నింపండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా వేట నిషేధం, మగవాళ్ళందరూ ఇంటి దగ్గరే ఉంటారు, చేతిలో డబ్బూ ఉండదు, అప్లికేషన్ల కాలం కూడా ఇంచుమించు అదే. అంతకన్నా మంచి టైం ఏముంది.

తమిళనాడులో 2020లో గవర్నమెంటు స్కూలు పిల్లలకి మెడికల్‌లో 7.5 శాతం సీట్లు విడిగా ఇచ్చారు, నీట్ ఉంచే ఇచ్చారు. అంటే పరీక్ష ఉన్నా దాని పక్కన చోటు చెయ్యొచ్చు. మాస్టారి భయానికీ అదే నా జవాబు, గదిలో నలుగురు అక్కర్లేదు, లెక్క ముందే రాసిపెడితే చాలు.

కలువాయి_మాస్టారు #29
లెక్క ముందే రాసిపెట్టినందుకే ఉదయగిరాయన సీటు పొలం పుట్టింది టీచర్ గారూ. అయినా మీ మాట మీద నాకు పెద్ద తగాదా లేదు. కంపచెట్ల పొలం ఒకటి ఉన్నా మిగతా తొమ్మిది నిజం పొలాలు అయితే సరే.

రొయ్యలగుంట #30
లోపలికి తెచ్చినాక కూడా చూసుకోవాల. మా పనోడు లాంటోడ్ని తీసకపోయి ఇంగ్లీషులో బయోకెమిస్ట్రీ చెప్తే రెండో నెల్లో మళ్ళీ నా చెరువు కాడికి వస్తాడు.

నాగులుప్పలపాడోడు #31
#30 ఇది వంద శాతం. మాకు మొదటి ఏడాది సగం క్లాసులు అర్థమయ్యేవి కాదు. రాత్రి పూట సీనియర్లు తెలుగులో మళ్ళీ చెప్పేవాళ్ళు, అది ఏ టైం టేబుల్లోనూ లేదు. వాళ్ళు లేకపోతే నేను ఇంటికి పోయేవాడ్ని.

చీమకుర్తి_రాయి #32
ఇంతకీ పెన్నాగట్టు అన్న ఏం రాశాడో చెప్పలా

పెన్నాగట్టు #33
రాశా. మీ అందరివి చదివి మూడు రాత్రులు కూర్చుని రాశా. ముందు, సీట్లు ఇచ్చేది మేం కాదు, రాష్ట్రం అని నిజం రాశా. తర్వాత మా డిపార్ట్‌మెంటులో పోయిన రెండేళ్ళ రిజిస్టర్లు తీసి పిల్లల ఊళ్ళు ఒక్కోటి ఎంచా. సముద్రం ఒడ్డు మండలాల నించి రెండేళ్ళకి కలిపి నలుగురు. మేం చేతిలో ఉన్నవి ఏం చెయ్యగలం అని టీచరమ్మ బస్సు మాట, స్పాట్‌లో చేరే పేదపిల్లలకి ఫీజు వాయిదాల్లో కట్టించుకోవడం, మొదటి సెమిస్టర్లో సాయంత్రం తెలుగులో క్లాసు, ఇవి రాశా.

సారు చదివాడు. నలుగురు అన్న దగ్గర ఎర్ర పెన్నుతో చుట్టి "సంఖ్య అవసరమా?" అని రాశాడు. సంఖ్య తీసేసి "గణనీయమైన" అని పెట్టమన్నాడు. నేను పెట్టలా. తీసేశా గానీ పెట్టలా. బస్సుకి మాత్రం డీజిల్ ఎవరు పోస్తారు అని అడిగాడు, వద్దనలేదు.

ఐక్యూఏసీ_బాధితుడు #34
డీజిల్ ఎవరు పోస్తారు అన్నాడంటే సగం ఒప్పుకున్నట్టే. మా దగ్గర అయితే బస్సు ఉందా అని అడుగుతారు.

రొయ్యలగుంట #35
అల్లూరు, విడవలూరు వైపు తిప్పే రోజు డీజిల్ నేను పోయిస్తా. రాసుకో.

వేదాయపాలెం_అమ్మ #36
ఆ పిల్ల ఏమయింది బాబూ

పెన్నాగట్టు #37
ఏడాదంతా రొయ్యల ప్లాంటులో గ్రేడింగ్ పనికి పోయింది అమ్మా, పొద్దున నాలుగుకి వాళ్ళ బస్సు వస్తది. ఈ ఏడు మళ్ళీ రాసింది. ఫారం నేనే మా ఇంట్లో కూర్చోబెట్టి నింపా. ఫోన్ నంబరు కాడ వాళ్ళ నాయన తన నంబరు చెప్పాడు, ఆ ఫోన్‌కి రీఛార్జ్ అయిపోయి రెండు నెలలయింది, ఓటీపీ రాదు. ఆడికాడే రీఛార్జ్ చేయించి పెట్టా. ఆప్షన్లు ఇంకా తెరవలా, రోజూ ఒకసారి ఆయనకి మిస్డ్ కాల్ ఇస్తా ఉండా, ఫోన్ పనిచేస్తా ఉండాదో లేదో అని.

మొలగొలుకులు #38
ఆప్షన్లు తెరిస్తే ఇక్కడ కూడా చెప్పన్నా

కొత్తపట్నం_మావయ్య #39
పైవి అన్నీ చదవలేదు క్షమించండి. మా మేనల్లుడికి పదిలో 548 వచ్చినాయి, ట్రిపుల్ ఐటీ వస్తదా

పొదిలి_టీచరమ్మ #40
ఏ స్కూలు?

కొత్తపట్నం_మావయ్య #41
జెడ్పీ హైస్కూలేనండి, ఇంటి నించే పోయొచ్చేవాడు

పొదిలి_టీచరమ్మ #42
అయితే ఇంకో 4 శాతం కలుపుకోండి. ఫారం మీరే నింపండి, నంబరు మీదే వెయ్యండి.